తిరగలికి అవతలి చెయ్యి

చాలా కాలం కిందట, మీ తాతల తాతలకి కూడా తాతలు పుట్టకముందు, సముద్రం ఒడ్డున ఒక రాజ్యం, ఆ రాజ్యానికి ఒక రాజు ఉండేవాడు. ఊ కొడుతూ వినండి. మధ్యలో నిద్రపోయినవాళ్ళకి మళ్ళీ మొదటినుంచి చెప్పే ఓపిక ఇక్కడ ఎవరికీ లేదు.

ఆ రాజు పేరు వసంతభూపతి. ఆయనకి ఒక రాణి, ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గుణశేఖరుడు, నడిమివాడు రణశేఖరుడు, చిన్నవాడు చిన్నశేఖరుడు. మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి రాజుగారికి ఓపిక అయిపోయిందన్నమాట.

ఆ వంశంలో ఒక కట్టుబాటు ఉండేది. వెనకటి రాజు ఒకాయనకి వంటవాడు విషం పెట్టి చంపాడట. అప్పటినుంచి అంతఃపురం గడప దాటి పనివాళ్ళెవరూ లోపలికి రాకూడదు. లోపలి ఇల్లు ఇంటివాళ్ళే ఊడ్చుకోవాలి, లోపలి నీళ్ళు ఇంటివాళ్ళే తోడుకోవాలి, లోపలి అన్నం ఇంటివాళ్ళే వండుకోవాలి. బాగానే ఉంది. మరి ఇంటివాళ్ళంటే ఎవరు? రాజుగారు సభకి వెళ్ళాలి. పెద్దవాడు కత్తిసాము నేర్చుకోవాలి, నడిమివాడు గుర్రపుస్వారీ నేర్చుకోవాలి, చిన్నవాడు ఆడుకోవాలి. కాబట్టి ఇంటివాళ్ళంటే రాణి అని అందరూ అనుకున్నారు. అలా అని ఎవరూ చెప్పలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు.

రాణి తెల్లవారకముందే లేచేది. ఊడ్చేది, నీళ్ళు తోడేది, తిరగలి విసిరేది. మధ్యాహ్నం మళ్ళీ ఊడ్చేది, మళ్ళీ తోడేది, మళ్ళీ విసిరేది. సాయంత్రమూ అంతే. పిల్లలు వచ్చి పీటల మీద కూర్చునేవాళ్ళు. కంచంలోకి అన్నం వచ్చేది. తినేవాళ్ళు, లేచి వెళ్ళిపోయేవాళ్ళు. తిన్న కంచం ఎలా వెళ్ళిపోతుందో, మర్నాటికి ఎలా మెరుస్తూ వస్తుందో ఆ ముగ్గురిలో ఒక్కడు కూడా అడగలేదు. మొహాలు అలా పెట్టకండి, మిమ్మల్ని అనడం లేదు.

ఒకరోజు పీటల మీద కూర్చుంటే కంచంలోకి అన్నం రాలేదు.

"అమ్మా!" అని పిలిచాడు చిన్నవాడు. పలకలేదు. "అమ్మా!" అని పిలిచాడు నడిమివాడు. పలకలేదు. గుణశేఖరుడు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదలు. పొయ్యిలో బూడిద చల్లారిపోయి ఉంది. కుండలు ఖాళీగా ఉన్నాయి. గదిలో ఎవరూ లేరు.

రాజుగారికి కబురు వెళ్ళింది. ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"మీ అమ్మని చివరిసారి ఎప్పుడు చూశార్రా?" అని అడిగాడు.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిన్న అన్నం తిన్నారు. మొన్న తిన్నారు. అంతకుముందు కూడా తిన్నారు. కానీ అమ్మని ఎప్పుడు చూశారో ముగ్గురికీ గుర్తుకు రాలేదు.

"ఏ రంగు చీర కట్టుకుంది?" అని అడిగాడు రాజు. ఎవరికీ తెలియదు. "నాకూ తెలియదు" అంటూ ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు. సభలో అంత గంభీరంగా ఉండే మనిషి పిల్లల ముందు ఏడ్చేశాడు.

అప్పుడు పొయ్యి గట్టు మీద పడుకున్న ముసలి పిల్లి ఒళ్ళు విరుచుకుని లేచింది.

"ఇప్పుడు ఏడ్చి ఏం లాభం?" అంది పిల్లి. "ఆవిడ ఒక్కరోజులో పోలేదు. ముందు ఆవిడ అడుగుల చప్పుడు పోయింది. తరవాత గొంతు పోయింది. ఆ తరవాత ముఖం పోయింది. చివరికి చేతులు కూడా కనబడకుండా పోయాయి. కంచంలోకి అన్నం వస్తూనే ఉంది కనక మీలో ఒక్కరూ తల ఎత్తలేదు. నాకు పాలు పోసే మనిషి కాబట్టి నేను చూస్తూ ఉన్నాను."

"మరి ఇప్పుడెక్కడుంది?" అన్నాడు గుణశేఖరుడు.

"ఏడు సముద్రాల అవతల కుంభకేశుడని ఒక మాంత్రికుడున్నాడు. ఎవరి కంటికీ ఆనని ఆడవాళ్ళని వెతికి ఎత్తుకుపోతాడు. అలాంటివాళ్ళు పోతే అడిగేవాళ్ళు ఉండరని వాడి ధైర్యం. నిన్న వచ్చి మీ అమ్మ చెయ్యి పట్టుకుని, మీ ముగ్గురి మధ్య నుంచే నడిపించుకుపోయాడు. మీరు పాయసం తింటున్నారు."

ఆ మాట గుణశేఖరుడి గుండెలో ముల్లులా గుచ్చుకుంది. నిన్న పాయసంలో తీపి తక్కువైందని విసుక్కున్నది తనే. అమ్మని తీసుకురాకుండా మళ్ళీ ఈ ఇంట్లో కూర్చుని తినకూడదు అనుకున్నాడు. "మేం వెళ్తాం నాన్నగారూ" అన్నాడు.

ముగ్గురన్నదమ్ములూ కత్తులు కట్టుకుని సముద్రం ఒడ్డుకి వెళ్ళారు. ఆకాశం నిండా మబ్బు. నీళ్ళు సిరా రంగులో ఉన్నాయి. ఇసకలో ఒక పెద్ద తాబేలు కూర్చుని ఉంది. ఎంత పెద్దదంటే, దాని వీపు మీద మన ఇల్లు పట్టేస్తుంది.

"ఏడు సముద్రాలు దాటించాలి" అని అడిగారు.

"దాటిస్తా. నా వీపు మీద నాచు పేరుకుపోయింది. ఒక్కో సముద్రం దాటాక ఒకసారి తోమాలి" అంది తాబేలు.

మొదటి సముద్రం దాటారు. "అన్నయ్యా, నాకు చేతకాదు" అన్నాడు చిన్నవాడు. "నేను గుర్రపుస్వారీ చేసే చేత్తో నాచు తోమనా?" అన్నాడు నడిమివాడు. పెద్దవాడు కాబట్టి గుణశేఖరుడికి తప్పలేదు. కొబ్బరిపీచు తీసుకుని తోమాడు. పైపైన తోమి, అయిపోయిందన్నాడు.

"నీకు కనిపించేచోట అయిపోయింది, అంచుల కింద అలాగే ఉంది" అంది తాబేలు.

రెండో సముద్రం దాటాక అంచుల కింద తోమాడు. మూడో సముద్రానికి అరచేతులు బొబ్బలెక్కాయి, నాలుగో సముద్రానికి బొబ్బలు పగిలాయి. ఇంత పని ఒక్క వీపుకే ఉంటే అంత పెద్ద అంతఃపురాన్ని అమ్మ ఒక్కతే ఎలా తోమిందా అనుకున్నాడు. పక్కన తమ్ముళ్ళిద్దరూ గురక పెడుతున్నారు. అలా అయిదు, అలా ఆరు, అలా ఏడు సముద్రాలూ దాటారు.

అవతల ఒక దీవి. దీవిలో ఒక నల్లరాతి ఇల్లు. చెట్టు మీద పిట్ట లేదు, గాలికి ఆకు కదలదు. కానీ ఇల్లంతా పని జరుగుతోంది. వాకిట్లో చీపుళ్ళు వాటంతటవే ఊడుస్తున్నాయి. బావి దగ్గర చేదలు వాటంతటవే దిగుతున్నాయి. వసారాలో తిరగళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి. ఒక్క మాట లేదు, ఒక్క నవ్వు లేదు. చీపుళ్ళ చప్పుడు, గిలకల చప్పుడు, రాళ్ళ చప్పుడు, అంతే. చిన్నవాడు అన్నయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

నడిమింట్లో ఉయ్యాలబల్ల మీద కుంభకేశుడు కూర్చుని ఉన్నాడు. నెత్తి మీద కుండంత జుట్టు, దాన్నిండా ముడులే ముడులు. పక్కన బంగారు పంజరంలో ఒక చిలుక.

"కత్తులు అక్కడ పెట్టండి. ఇక్కడ యుద్ధాలుండవు" అన్నాడు మాంత్రికుడు ఆవులిస్తూ. "మీ అమ్మ ఇక్కడే ఉంది. ఫలానా ఈవిడే మా అమ్మ అని చూపించండి, తీసుకుపోండి. ఆవిడ ముందు ఊడుస్తుంది, తరవాత నీళ్ళు తోడుతుంది, ఆ తరవాత విసురుతుంది. ఊడ్చేచోట ఒకసారి, తోడేచోట ఒకసారి, విసిరేచోట ఒకసారి. మీరు ముగ్గురు కదా, తలా ఒకసారి చెప్పండి. తప్పు చెప్పినవాడు కనిపించకుండా పోయి ఇక్కడే పని చేస్తాడు."

ఇంతేనా అనుకున్నారు అన్నదమ్ములు. సొంత తల్లిని గుర్తుపట్టలేమా అనుకున్నారు పాపం.

ముందు చిన్నవాడు అన్నయ్య చెయ్యి వదలకుండానే వాకిట్లోకి వెళ్ళాడు. లెక్కలేనన్ని చీపుళ్ళు ఊడుస్తున్నాయి. అమ్మ ఎలా ఊడ్చేది? ఎడమనుంచి కుడికా, కుడినుంచి ఎడమకా? వాడికి తెలియదు. వాడు చీపురు చప్పుడికి లేచేవాడే కాదు. ఏం చేయాలో తోచక గొంతెత్తి "అమ్మా!" అని అరిచాడు.

వాకిట్లో చీపుళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

అన్నీ ఆగిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి ఊడవడం లేదు. ఆ చీపుళ్ళు పట్టుకున్న ప్రతి మనిషీ, తన బిడ్డే పిలిచిందని నిలబడిపోయింది. చిన్నవాడు ఏడుస్తూ దగ్గరున్న చీపురు చూపించి "ఈవిడే" అన్నాడు. ఆవిడ కాదు. గుణశేఖరుడు పట్టుకున్న చిన్న చెయ్యి చేతిలోనే కరిగిపోయింది. వాకిట్లో చీపురు ఒకటి ఎక్కువైంది.

తరవాత నడిమివాడు బావి దగ్గరికి వెళ్ళాడు. వెండి బిందెలు, రాగి బిందెలు, ఇత్తడి బిందెలు, మట్టికుండలు గాలిలో నడుస్తున్నాయి. "అమ్మ మహారాణి. మహారాణి నడకలో ఠీవి ఉంటుంది" అనుకున్నాడు. చుక్క తొణకకుండా నిటారుగా వెళ్తున్న వెండి బిందెని చూపించి "ఈవిడే" అన్నాడు. ఆవిడ కాదు. వాళ్ళమ్మ నడుం ఎప్పుడో వంగిపోయింది, వాడు చూడలేదు. నడిమివాడు కరిగిపోయాడు. బావి దగ్గర బిందె ఒకటి ఎక్కువైంది.

ఇక గుణశేఖరుడు ఒక్కడే మిగిలాడు. అమ్మ పోయింది, తమ్ముళ్ళు పోయారు, ఇప్పుడు తనూ తప్పు చెప్తే అడిగేవాళ్ళే లేరు.

వసారాలోకి వెళ్ళి నిలబడ్డాడు. బారులు తీరి తిరగళ్ళు తిరుగుతున్నాయి. తిరగలి మీరు చూసి ఉండరు. రెండు గుండ్రని రాళ్ళు ఒకదానిమీద ఒకటి ఉంటాయి, పై రాతికి ఒక పిడి ఉంటుంది. ఇటొకరు అటొకరు కూర్చుని, ఒకే పిడి పట్టుకుని, ఒకరు సగం చుట్టు లాగితే ఇంకొకరు సగం చుట్టు లాగాలి. అది ఇద్దరు చేసే పని. ఇక్కడ మాత్రం ప్రతి తిరగలికీ ఒక్కరే ఉన్నారు.

గుణశేఖరుడు కళ్ళు మూసుకుని అమ్మ చేతుల్ని గుర్తు తెచ్చుకోబోయాడు. అన్నం గుర్తుకొచ్చింది, నెయ్యి గుర్తుకొచ్చింది, పాయసం గుర్తుకొచ్చింది. వడ్డించిన చెయ్యి మాత్రం గుర్తుకు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. వాడికి తనమీద తనకే అసహ్యం వేసింది.

"చెప్పు. పిండి అయ్యేలోగా చెప్పాలి" అన్నాడు మాంత్రికుడు.

"చూసి చెప్పలేను. ఒక్కో తిరగలి దగ్గరా కూర్చుని విసురుతాను, ఆ తరవాత చెప్తాను" అన్నాడు గుణశేఖరుడు.

కుంభకేశుడు పగలబడి నవ్వాడు. "రాజు కొడుకు పిండి విసురుతాడా? విసురు, విసురు. నాకు రొట్టెలు ఎక్కువొస్తాయి" అన్నాడు.

గుణశేఖరుడు మొదటి తిరగలి ముందు కూర్చుని పిడి పట్టుకున్నాడు. అవతలి చెయ్యి ఒక్క గుంజు గుంజింది. భుజం ఊడొచ్చినంత పనైంది. ఎక్కడ లాగాలో, ఎక్కడ వదలాలో తెలియక రాయిని అడ్డంగా పట్టుకుంటే గింజలన్నీ బయటపడ్డాయి. "ఈవిడ కాదేమో" అనుకుని రెండో తిరగలి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చెయ్యి ఆగి ఆగి లాగింది, ఎప్పటినుంచి అలిసి ఉందో. మూడో తిరగలి దగ్గర చెయ్యి చకచకా తిప్పింది. వాడు కాస్త బద్ధకించి పిడి ఊరికే పట్టుకుని కూర్చుంటే, మణికట్టు మీద ఠపీమని ఒక దెబ్బ పడింది. "తప్పయింది" అని మళ్ళీ లాగాడు.

అలా ఎక్కడా తన సగం పూర్తిగా లాగలేకపోయినా, ఒక్కొక్క తిరగలీ దాటుకుంటూ వెళ్ళాడు. ఏడు సముద్రాల బొబ్బలు మళ్ళీ చితికి పిడి ఎర్రబడింది. నడుం పడిపోయింది. కళ్ళలో పిండి పడి నీళ్ళు కారుతున్నాయి, పిండివల్లే కారుతున్నాయని చెప్పలేం.

మూలగా ఉన్న ఒక తిరగలి దగ్గర కూర్చున్నాడు. పిడి పట్టుకుని లాగాడు. రాయి తేలిగ్గా తిరిగింది. బొబ్బలు నొప్పి పెట్టలేదు, భుజం లాగలేదు. "అబ్బ, నేర్చేసుకున్నాను" అని సంతోషించాడు. హుషారుగా పక్క తిరగలి దగ్గరికి వెళ్ళి కూర్చుంటే, రాయి మళ్ళీ మునుపటిలాగే బరువుగా కదిలింది.

గుణశేఖరుడు ఆగిపోయాడు. అంత పెద్ద రాయి అక్కడ ఒక్కచోటే ఎందుకు తేలికైంది?

వెనక్కి వచ్చి మూల తిరగలి ముందు కూర్చున్నాడు. లాగాడు, తేలిగ్గా తిరిగింది. ఈసారి పట్టు వదులు చేశాడు. అయినా రాయి తిరుగుతూనే ఉంది. వేళ్ళు పిడి మీద ఊరికే ఆనించి ఉంచాడు. అయినా తిరుగుతూనే ఉంది. అవతల కూర్చున్న మనిషి తన సగం లాగి, వాడి సగం కూడా తనే లాగుతోంది. వాడి చెయ్యి పగిలి ఉందని చూసి, వాడికి బరువు తగలకుండా మొత్తం తనవైపు వేసుకుంది.

తక్కిన వాళ్ళందరూ సగం పని అడిగారు. ఈవిడ ఒక్కతే అడగలేదు.

గుణశేఖరుడికి గుర్తుకొచ్చింది ముఖం కాదు, చెయ్యీ కాదు. ఇన్నేళ్ళూ తన బతుకు ఎంత తేలిగ్గా తిరిగిందో అది గుర్తుకొచ్చింది. రెండు చేతులతో పిడి గట్టిగా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి తన సగం తను లాగాడు. అవతలి చెయ్యి ఒప్పుకోలేదు, బరువు మళ్ళీ లాక్కుంది. వాడు మళ్ళీ లాక్కున్నాడు. ఆవిడ లాక్కుంది, వాడు లాక్కున్నాడు. తల్లీ కొడుకూ ఆ రాయి కోసం కొట్లాడుకున్నారంటే నమ్మండి. చివరికి అవతలి చెయ్యి నెమ్మదిగా పట్టు సడలించి, వాడి సగం వాడికి వదిలేసింది.

అప్పుడు పిడి మీద, వాడి వేళ్ళ పక్కన, ఒక చిటికెనవేలు కనిపించింది. దాని మీద పాత కాలిన మచ్చ ఉంది. తరవాత మిగతా వేళ్ళు, తరవాత అరిగిన గాజులు, భుజం, నెరిసిన జుట్టు, ముఖం. పాలిపోయిన ముఖం.

"ఈవిడే మా అమ్మ" అన్నాడు గుణశేఖరుడు.

రాణి కొడుకు చేతులు రెండూ తిప్పి చూసింది. మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"ఇన్నేళ్ళు మీ పక్కనే ఉన్నాను కదరా. ఒక్కరూ చూళ్ళేదేం?" అంది.

వాడు తల వంచుకున్నాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. కొంగు చింపి వాడి అరచేతులకి కట్టు కట్టింది.

"సరే, మాట ప్రకారం తీసుకుపో" అన్నాడు మాంత్రికుడు విసుగ్గా.

"నా చిన్న పిల్లలిద్దరూ ఇక్కడుంటే నేనెక్కడికి వస్తాను?" అంది రాణి. "పోనీ ఉండు. మళ్ళీ విసురు" అని మాంత్రికుడు ఉయ్యాల మీదికి వెళ్ళిపోయాడు.

రాణి కొడుకు చెవిలో చెప్పింది. "వాడి ప్రాణం ఆ చిలుకలో ఉంది నాయనా. దాని గొంతు ఎండితే వాడి గొంతు ఎండుతుంది. రోజూ దానికి నీళ్ళు పెట్టేది, గింజలు వేసేది నేనే."

గుణశేఖరుడు కత్తి కోసం చూశాడు. "వద్దు. నేను పెంచుతున్న చిలుక, దాని మీద చెయ్యి వెయ్యకు" అంది రాణి.

"మరి మీరంతా పని మానేస్తే చాలు కదమ్మా?"

"అంతా ఎవర్రా? నేనొక్కదాన్నే కదా ఇక్కడ" అంది ఆవిడ.

గుణశేఖరుడు నిర్ఘాంతపోయాడు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఒకరికొకరు కూడా కనిపించరు. ప్రతి మనిషీ తనొక్కతే ఉన్నాననుకుని, ఆ ఇంటి చాకిరీ అంతా తనమీదే ఉందనుకుని చేస్తోంది. వాడు వసారా మధ్యలో నిలబడి గట్టిగా చెప్పాడు.

"అమ్మలారా, మీరు ఒక్కరే లేరు. మీ కుడిపక్కన ఒకరున్నారు, ఎడమపక్కన ఒకరున్నారు. చెయ్యి చాచి చూడండి!"

ఒక తిరగలి ఆగింది. ఇంకోటి ఆగింది. చెయ్యికి చెయ్యి తగిలినట్టుంది, ఎవరో వెక్కినట్టు వినిపించింది. తిరగళ్ళన్నీ ఆగాయి. బావి దగ్గర చేదలు ఆగాయి. వాకిట్లో చీపుళ్ళు ఆగాయి. ఆ ఇంట్లో ఎన్నడూ లేనంత నిశ్శబ్దం ఆవరించింది.

ఎండెక్కింది. పంజరంలో మూకుడు ఎండిపోయింది. "నీళ్ళు" అంది చిలుక. కుంభకేశుడు ఉయ్యాల మీంచి "నీళ్ళు!" అని కేకేశాడు. ఎవరూ కదల్లేదు. మంత్రం చదివాడు. నిప్పు లేచింది, పిడుగు పడింది, నీళ్ళు మాత్రం రాలేదు. వాడు నేర్చుకున్నవన్నీ మనుషుల్ని పట్టుకునే మంత్రాలే. చేసేది లేక వాడే బావి దగ్గరికి నడిచాడు. చేదకి తాడు ఎలా కట్టాలో తెలియదు. ఎలాగో కట్టి వదిలితే ముడి ఊడి చేద బావిలో పడిపోయింది. గింజలు ఏ కుండలో ఉంటాయో తెలియదు. కుండలన్నీ బోర్లించాడు, దొరకలేదు. "నీళ్ళు, నీళ్ళు" అంటోంది చిలుక. వాడి నాలుక పిడచకట్టుకుపోయి మంత్రం కూడా పలకడం లేదు. అంతటి మాంత్రికుడూ చిన్నపిల్లాడిలా నేలమీద కూర్చుని చేతులు జోడించాడు.

"అందర్నీ వదిలిపెట్టు" అన్నాడు గుణశేఖరుడు.

మాంత్రికుడు నెత్తిమీద ముడులు ఒక్కొక్కటే విప్పాడు. ఒక్కో ముడికి ఒక్కో మనిషి విడుదలైంది. రెండు ముడులు విప్పగానే తమ్ముళ్ళిద్దరూ కనిపించారు. ఆ చాకిరీలో వాళ్ళూ చెయ్యి వేశారు కాబట్టి తల్లి వాళ్ళకీ కనిపించింది, పరుగెత్తుకొచ్చి చుట్టేసుకున్నారు. గుణశేఖరుడు చిలుకకి నీళ్ళు పెట్టాడు. మాంత్రికుడికి మాట వచ్చింది. కానీ ఆడవాళ్ళెవరూ కనిపించలేదు.

"వాళ్ళనీ కనిపించేట్టు చెయ్యి!" అన్నాడు గుణశేఖరుడు.

"నా వల్ల కాదు" అన్నాడు కుంభకేశుడు. మొదటిసారి వాడి గొంతులో గర్వం లేదు. "మీ తమ్ముళ్ళని మాయ చేసింది నేను. ఈ ఆడవాళ్ళని మాయ చేసింది నేను కాదు. అప్పటికే కనిపించనివాళ్ళని తెచ్చుకున్నానంతే. ఎవరైనా వాళ్ళ పనిలో సగం పంచుకుంటే, ఆ పంచుకున్నవాళ్ళకి కనిపిస్తారు."

వెళ్తూ వెళ్తూ రాణి ఆగి, చేదకి ముడి ఎలా వెయ్యాలో వాడికి నేర్పింది. లేకపోతే చిలుక చచ్చిపోతుందని ఆవిడ బాధ. "ముందు మూకుడు కడుగు" అని చిలుక వాడిని కసురుతూ ఉంటే, అందరూ తాబేలు ఎక్కారు.

ఒక్కో సముద్రం దాటినప్పుడల్లా తాబేలు వీపు కొంచెం తేలికయ్యేది. కనిపించని అడుగులు ఒడ్డున ఇసకలో పడి, ఎవరి ఊరివైపు వాళ్ళు వెళ్ళిపోయేవి. ఇప్పుడు ముగ్గురన్నదమ్ములూ నాచు తోముతున్నారు. గుణశేఖరుడు ఈ అంచు తోముతుంటే, అవతలి అంచు ఇంకెవరో తోముతున్నారు. ఏ ఒడ్డునా దిగిపోకుండా ఒక మనిషి తాబేలు మీదే ఉండిపోయింది. ఆరో సముద్రానికి ఆమె చేతులు కనిపించాయి. ఏడో సముద్రానికి ముఖం కనిపించింది. ఈడైన పిల్ల, కళ్ళలో చురుకు.

"నా మణికట్టు మీద కొట్టింది నువ్వేనా?" అని అడిగాడు గుణశేఖరుడు.

"బద్ధకిస్తే మళ్ళీ కొడతాను" అంది ఆమె. ఆమె పేరు వకుళ. ఆరుగురు అన్నలకి వండి పెట్టి కనిపించకుండా పోయిన పిల్ల. తను లేదని వాళ్ళకి ఇంకా తెలిసి ఉండదంది. అందుకే దిగలేదట.

గుణశేఖరుడు వకుళని పెళ్ళి చేసుకున్నాడు. ఊరంతా పందిళ్ళు వేశారు. పెళ్ళివంట లోపలే అవ్వాలి కనక పెళ్ళికొడుకే పొయ్యి ముందు కూర్చున్నాడు. ఇంటివాళ్ళంటే ఇంట్లో ఉన్న వాళ్ళందరూ అని రాజుగారు నిండుసభలో చాటించాడు. చాటించి, లోపలికి వచ్చి, ఆయన వంతు చీపురు ఆయన తీసుకున్నాడు. ఊడ్చిందానికంటే రేపిన దుమ్మే ఎక్కువనుకోండి.

తరవాత గుణశేఖరుడు రాజై చాలా ఏళ్ళు పాలించాడు, ప్రజలు చల్లగా ఉన్నారు. కానీ పూర్తిగా సంతోషమని చెప్తే అబద్ధం అవుతుంది. వాళ్ళమ్మ ముఖం మునుపటిలా తేటపడడానికి ఏళ్ళు పట్టింది. ఇంట్లో ఎవరైనా బద్ధకించిన రోజున ఆవిడ వేళ్ళ కొసలు మళ్ళీ పలచబడేవి. అంత పెద్ద రాజూ రోజూ సాయంత్రం సభ నుంచి వస్తూనే, ముందు అమ్మ చేతులు చూసుకునేవాడు. పలచగా కనిపిస్తే కిరీటం తీసి పక్కన పెట్టి బావి దగ్గరికి వెళ్ళేవాడు.

ఇక ఒడ్డుల దగ్గర దిగిపోయిన ఆ ఆడవాళ్ళు ఉన్నారే, వాళ్ళందరూ ఎవరి ఇళ్ళకి వాళ్ళు చేరారు. కొన్ని ఇళ్ళలో పిల్లలు తల ఎత్తి చూశారు, చీపురు అందుకున్నారు, అమ్మ కనిపించింది. కొన్ని ఇళ్ళలో ఎవరూ తల ఎత్తలేదు. ఆ ఇళ్ళలో వాళ్ళు వచ్చిన సంగతే తెలియదు. పోయిన సంగతీ తెలియదు. ఇల్లు ఊడ్చి ఉంటోంది, నీళ్ళు నిండి ఉంటున్నాయి, అన్నం కంచంలోకి వస్తోంది.

కథ అయిపోయింది, ఇక లేవండి. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. అక్కడ ఎవరున్నారో వెళ్ళి చూడండి.